ఊరంతా నాకు బావలే!

ఒరే, ముందు టీ చెప్పండ్రా. పోయిన వారం నేను చేసిన ఘనకార్యం వింటే మళ్ళా జన్మలో నా కోడ్ ముట్టుకోరు. కుదరబోయే నా పెండ్లిని నా చేత్తో నేనే చెడగొట్టుకోబోయినా. అదీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో!

మా చెల్లి పెండ్లి ఉండాది కదా. కార్డుతో పాటు అన్నగా నా పేరుతో ఒక చీటీ పెడితే మర్యాదగా ఉంటాదని నాయన అన్నాడు. "మామకు మామా అని, చిన్నాయనకు చిన్నాయనా అని, వరుస పెట్టి రాయి రా" అన్నాడు. ఇంగొకడైతే చేత్తో రాసుండును. నేను సాఫ్ట్‌వేర్ కదప్పా! ఆఫీసులో కొత్తగా నేర్చుకునింది ఈ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, పేర్ల పట్టీ ఇస్తే చీటీలన్నీ అదే తయారుచేస్తాది, చేతులు దురద పెడతా ఉండె. చుట్టాలందరినీ ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లోకి ఎక్కించినా. బావలొక గుంపు, మామలొక గుంపు, చిన్నాయనలొక గుంపు. గుంపులో ఊర్లు, ఊర్లలో ఇండ్లు.

ఒకదాని కింద ఒకటి పనిచేసేట్ల మూడు టెంప్లేట్లు రాసినా. పైది ఏ గుంపో చూసి, ఏమని పిలవల్లో ఆ వరుసను పారామీటర్‌గా ఊరి టెంప్లేట్‌కు ఇస్తాది. ఊరిది అందుకుని ఇంటి టెంప్లేట్‌కు ఇయ్యల్ల. ఇంటిది చీటీ రాస్తాది. ఒకవేళ ఏమీ అందకపోతే పిలుపు ఖాళీగా ఉండకూడదని, ఇంటి దాంట్లో డిఫాల్ట్‌గా 'బావ' అని పెట్టినా. ఎంత ముందుచూపో చూడండి!

ఆ నడిమిది ఉండాదే, ఊరిది, అది అందుకునింది. కిందికి ఇయ్యలా! ఇయ్యమని నేను రాస్తే కదా ఇచ్చేది. పోనీ ఎర్రర్ అన్నా వచ్చిందా? కిక్కురుమనలా. నేను చూసింది మొదటి చీటీ ఒక్కటే. అది నిజంగానే మా రేణిగుంట బావది! 'బావగారికి' అని చక్కగా పడింది. ఆహా అనుకుని అన్నీ ప్రింటు కొట్టి, చెల్లితో కవర్లలో పెట్టించి పోస్టు చేసేసినా.

రెండ్రోజులకు మా చిన్నాయన ఫోన్.

"ఏమప్పా, నేను నీకు బావనెప్పుడైతిని? మీ చిన్నమ్మ పొద్దుట్నించి నన్ను చూసి నవ్వతానే ఉండాది!"

చిన్నాయన మనోడే, నవ్వుకుంటాడు. మరి చంద్రగిరి మునిరత్నం మామో? ఆయన కూతురు సుగుణను మావాళ్ళు నాకు అడిగి ఉండారు. గంగమ్మ జాతరలో చూసినప్పట్నించి ఆ పిల్లంటే నాకు ప్రాణమని మీకు తెలియంది కాదు. ఆయనేమో "వరుసలవీ విచారించి సెప్తా" అని నాన్చతా ఉండాడు.

నాయన తల పట్టుకున్నాడు. "వరుస తప్పి పిలిస్తే ఆ ఇంట్లో మంచినీళ్ళు గూడా ముట్టని మనిషి రా ఆయన! పిల్లనిచ్చేవాణ్ణి పట్టుకోని బావా అంటివే!"

స్కూటర్ తీసినా. పోస్ట్‌మ్యాన్ కంటే ముందు పోవల్ల, అంతే! పోయేసరికి మామ అరుగు మీద కూర్చోని ఉండాడు. చేతిలో నా చీటీ.

"రా బావా, కూసో."

అయిపోయింది రా, సచ్చినా అనుకున్నా. "మామా, అది నేను కాదు, టెంప్లేట్..." అని మొదలుపెట్టినా. పైది ఇచ్చింది, నడిమిది అందుకునింది, కిందిదానికి అందలేదు, అందకుంటే బావ అనుకోమని నేనే చెప్పినానని చేతులు తిప్పి తిప్పి చెప్తా ఉండా. ఆయన రెప్ప గూడా ఆర్పలా.

"అంటే, ఎవురో ఏమో తెలీకుంటే బావా అనేస్తాదా?"

"అనేస్తాది మామా."

"సరే, నేను నీకు బావే అనుకో. మా ఇంటామె నీకేమైతాది?"

"అక్క."

"అక్క కూతురు?"

మన పక్క అక్క కూతుర్ని చేసుకునేది ఉండేదే కదా. తలొంచుకోని "చేసుకునే వరుసే మామా" అన్నా. తలుపు ఎనక కిసుక్కుమని నవ్వు. సుగుణే! ఆ నవ్వు వినంగానే సగం ప్రాణం లేచొచ్చింది.

"మామా అంటే మామ కూతురు, బావా అంటే అక్క కూతురు. ఎట్ల తిప్పినా కలస్తానే ఉండాది. ఇంగ నేను విచారించేదేముండాది? మీ నాయన్ని రమ్మను, తాంబూలాలు మార్సుకుందాం" అన్నాడు.

ఏడుపొచ్చేసింది రా నాకు! కాళ్ళు మొక్కబోతే రెక్క పట్టుకోని ఆపినాడు.

"ఒక్క మాట. మీ పెండ్లి కార్డులు మాత్రం ఆ కంప్యూటర్‌తో కొట్టొద్దు. నడిమోడు అందియ్యకపోతే పెండ్లికొడుకు తావున ఇంగెవుని పేరు పడతాదో!"

అట్లా పండ్లికిలించొద్దండి రా. ఆదివారం నలుగురూ మా ఇంటికి రండి, కార్డులన్నీ చేత్తోనే రాయల్లంట. పెన్నులు మీరే తెచ్చుకోండి.