పాట లేని ఆట

మొన్న ఒక నాట్యోత్సవం నిర్వాహకుడు ఫోన్ చేసి, పాట లేకుండా అంతసేపు ఆడితే జనం కూర్చోరని, వెనకాల చిన్న సంగీతమైనా పెట్టమని, పెట్టకపోతే ఈసారికి నా అంశం ఉండదని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఉండకపోతే పోనీ అని ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్ళుగా ఈ మాటకు జవాబు చెప్పీ చెప్పీ విసుగెత్తిపోయింది.

నేను పెరిగింది సూరత్‌లోని ఉధ్నాలో. మా అమ్మానాయనలు నేతపని కోసం తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళు. నాయన పనిచేసే మరమగ్గాల కార్ఖానాలో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు కాబట్టి అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. దారం తెగిందంటే రెండు వేళ్ళు కత్తెరలా ఆడేవి, చాయ్ వచ్చిందంటే బొటనవేలు పెదవి దాకా లేచేది, మగ్గం ఆపమంటే అరచేయి గొంతు కింద అడ్డంగా కదిలేది. నాయనకు అన్నం గిన్నె తీసుకెళ్ళి గుమ్మంలో నిలబడి నేను చూసింది అదే. ఆధునిక నృత్యం నేర్చుకోవడానికి ఊళ్ళు తిరిగాక, మాట చేరని చోటికి ఒళ్ళు వెళ్ళి చెప్పగలదని, అప్పుడు పాట అడ్డమే వస్తుందని నాకు గట్టిగా అనిపించింది.

నేర్చుకుని వచ్చిన కొత్తలో, సూరత్‌లోనే ఉన్న బమ్రోలిలో, మా తెలంగాణ నేతవాళ్ళ సంఘం పండుగకు కార్ఖానాలోని ఆ సైగలతోనే, పాట లేకుండా తొలిసారి ఒక ఆట కట్టాను. అందరూ మగ్గాల మనుషులే, వాళ్ళకు కాక ఇంకెవరికి అర్థమవుతుందని ఎంతో ఆశపడ్డాను. తీరా మొదలుపెట్టానో లేదో, పాట రాకపోయేసరికి క్యాసెట్టు ఇరుక్కుందనుకున్నాడేమో, మైకులాయన తన దగ్గరున్న సినిమా పాటొకటి పెద్దగా పెట్టేశాడు. జనం ఈలలు వేశారు. నేను ఆపమని అరిచింది ఎవరికీ వినపడలేదు. ముందు వరసలో ఉన్న నాయన వంక చూస్తూ అరచేయి గొంతు కింద అడ్డంగా ఆడించాను. ఆయన లేచి, గబగబా పోయి మైకు తీగ పీకేశాడు.

"ఏంది కాకా, పాటెందుకు బంద్ చేస్తివి?" అని ఎవరో గొడవకు దిగితే, "జర ఆగుండ్రి, నా బిడ్డ గిట్లనే ఆడుతదట" అన్నాడు.

నేను మళ్ళీ మొదటినుంచి ఆడాను. సగం హాలు లేచిపోయింది. ఇంటికి వస్తూ ఆటోలో నాయన, "నాకైతే ఏం సమజ్ కాలే బిడ్డా. నువ్వు బంద్ చెయ్యమన్నవ్ సూడు, గదొక్కటి సమజైంది" అన్నాడు.

మిగతా ఆటంతా కూడా ఆ భాషే కదా అని ఎంత మొత్తుకున్నా ఆయన తల ఊపాడే తప్ప నమ్మలేదు. ఆ తరవాత తాను చనిపోయేదాకా, నా ప్రతి కార్యక్రమం ముందూ, ఈసారన్నా పాట పెడుతున్నావా అని అడుగుతూనే ఉన్నాడు, నేను లేదని కసురుకుంటూనే ఉన్నాను, ఆయన వచ్చి ముందు వరసలో కూర్చుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను ఆడేవి చల్లటి పెద్ద హాళ్ళు. ఎవరూ ఈల వేయరు, లేచిపోరు; ఫోన్ల వెలుగు ముఖాల మీద పడుతుండగా ఓపికగా కూర్చుని, అయిపోయాక చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. బమ్రోలిలో లేచిపోయినవాళ్ళ మీద ఎన్నో ఏళ్ళు కోపం పెట్టుకున్నాను గానీ, వాళ్ళు చూసి, నచ్చక లేచిపోయారు. ఇవాళ నన్ను కాదని లేచిపోవడానికైనా ఎవరూ అంతగా చూడటం లేదు.