మా వాడి నూరేండ్ల చుట్టాలు

ఆ రోజు నేను వాకిట్లో రాట్నం ముందు కూర్చొని నూలు కండెలు చుడుతున్నాను. ఏటి క్యాంపులో బుట్ట పడవ, అదే పుట్టి, నడిపే ఆయన వచ్చాడు. మోకాళ్ల పైదాకా బురద. ఎప్పుడొచ్చినా "అక్కా, చాయ్ పెట్టు" అనుకుంటూ లోపలికి వచ్చే మనిషి, ఆ రోజు దర్వాజ దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, జర బావను పిలువు."

"ఏమైందో నాతోటి చెప్పు" అన్నాను.

ఆయన తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. నా చెయ్యి ఆగినా రాట్నం ఇంకో చుట్టు తిరిగింది. మాకున్న ఒక్క కొడుకు జ్వరంతో పోయాడని నాకు తెలిసింది అట్లా.

వాడి ఆఫీసు పత్రిక వాళ్లు వాడి గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. నాకు మంచి మాటల కన్నా ముందు కోపం వస్తున్నది. రాస్తుంటే అది కూడా వస్తుంది, చదివేవాళ్లు ఓర్చుకోవాలి. నేను బడికి పోయినదాన్ని కాదు. ఈ వచ్చిన రాత కూడా వాడు నేర్పిందే. నీళ్ల సీసాల మీద అంటించే చీటీలు నాతో రాయించి, తప్పు పోతే చీటీ చింపి, మళ్లీ రాయించేవాడు.

ఆ సీసాల ముచ్చట ముందు చెప్పాలి. మక్తల్ నుంచి కృష్ణ ఒడ్డుకు పోయే బాటలో మా ఊరు ఉంటుంది. ఊరు దాటితే వాగు, వాగు దాటితే కృష్ణ ఏరు, ఏటి ఒడ్డున క్యాంపు. మాది సాలెల ఇల్లు. మా వాడు చదువు అయ్యాక మగ్గం గుంటలోకి దిగకుండా ఆ క్యాంపులో నౌకరీకి కుదిరాడు. ఎప్పుడో ఒకనాడు ఆ ఏటికి అడ్డంగా కట్ట కడతారట. కట్టే ముందు నీళ్లలో ఎంత మట్టి కొట్టుకొస్తుందో తెలియాలట. వానకాలమంతా మా వాడు పుట్టిలో నడి ఏట్లోకి పోయి, సీసాను కర్రకు కట్టి లోపలికి దించి, ఎర్రటి నీళ్లు నింపుకొచ్చేవాడు. సీసా కదలకుండా ఉంచితే మట్టి అడుగున కూర్చుంటుంది. ఆ మట్టిని ఎండబెట్టి తూకం వేస్తారు.

"ఈ మట్టి తూకం ఎందుకురా?" అని మొదటిసారి అడిగాను.

"కట్ట ఎనుక మట్టి చేరుతది కదనే అమ్మా. ఏడాదికింత, ఏడాదికింత. మొత్తం నిండితే ఇగ నీళ్లకు జాగా ఉండదు. ఎన్నేండ్లకు నిండుతదో ముందుగాల్నే లెక్కగట్టాలె."

"ఎన్నేండ్లకట?"

"నూరేండ్లన్న ఉండాలని పెద్దోళ్లు అనుకుంటున్నరు."

"ఇంక కట్టనే లేదు, అప్పుడే దాని సావుకు లెక్క కడుతున్నరా?"

నేను పరాచికానికి అన్నాను. వాడు నవ్వలేదు. "గదేనే నా ఫికర్. నూరేండ్లు అయినంక ఆడ ఉండేటోళ్లు ఏం చేయాలె?" అన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ నూరేండ్ల తర్వాతి మనుషులు వచ్చి కూర్చున్నారు. వాడు జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటాడు, నమలడం ఆపి గోడ దిక్కు చూస్తాడు. నేను "ఏంరా, నీ చుట్టాలు తిన్నరా?" అనేదాన్ని. వాడు నిజంగానే ఆలోచించి, "వాళ్లు రొట్టె తింటరో లేదోనే" అనేవాడు. పట్నం నుంచి వచ్చే పెద్ద పెద్దవాళ్లు రాబోయే కాలం గురించి ఎట్లా లెక్కలు వేస్తారో నాకు విడమరిచి చెప్పేవాడు. అప్పటికి ఎంతమంది పుడతారు, మనిషికి ఎన్ని నీళ్లు కావాలి, ఎంత గింజ కావాలి. అన్నీ చెప్పి, "మనుషులను లెక్కేస్తున్నరు గని, ఆ మనుషుల మొకం ఎవరు చూస్తలేరే" అనేవాడు.

"పుట్టనోళ్ల మొకం ఎట్ల కనపడుతదిరా?"

"ఒకామె ఉంటదనుకో. నీ లెక్కనే కండెలు చుట్టే మనిషి. పొద్దుగాల బిందె పట్టుకొని వస్తది. కట్ట ఎనుక నీళ్లుండయి, మట్టి దిబ్బ ఉంటది. ఆడ నిలబడి మనల్ని తిడతది."

"తిట్టనియ్యి. నాకు వినపడదు."

"నాకు వినపడుతదే అమ్మా" అన్నాడు.

ఆ మాట మీద నాకు ఎంత ఒళ్లు మండిందో ఇప్పటికీ చెప్పలేను. పుట్టనివాళ్ల తిట్లు వినపడతాయట. పక్కన కూర్చొని రోజూ మొత్తుకునే కన్నతల్లి మాట వినపడదు. పెండ్లి చేసుకోరా అంటే వాడి నోట ఒకటే జవాబు. "నీళ్లు తేరనియ్యే అమ్మా." అంటే వరద కాలం పోయి, ఏరు తేటపడి, సీసాల పని అయిపోయాక చూద్దామని. దసరా దాటి నీళ్లు తేరేవి. అప్పుడు మట్టి తూకం పని మొదలయ్యేది. అది అయ్యేసరికి ఎండాకాలం, ఆ తర్వాత మళ్లీ వానలు. ఏండ్లు గడిచాయి కానీ, వాడు పిల్లను చూడటానికి బయలుదేరింది లేదు.

క్యాంపు గుడిసె కురుస్తుందని సీసాలు మా ఇంట్లో పెట్టేవాడు. మగ్గం గుంజకు ఒక పలక కొట్టి దాని మీద వరసగా నిలబెట్టాడు. "మగ్గం ఆడితే సీసాలు అదురుతయి, వేరే జాగా చూసుకోరా" అని మా ఇంటాయన మొత్తుకున్నాడు. "నువ్వు ఆపినప్పుడు మట్టి కూసుంటది లే నాయినా" అన్నాడు.

ఒక వానకాలం పెద్ద వరద వచ్చింది. ఆ వరద నీళ్ల సీసాలు పలక మీద పెట్టి వాడు మళ్లీ ఏటికి పోయాడు. నేను వాటిని చూస్తూ కూర్చున్నాను. ఎర్రగా, చిక్కగా, అంబలి లాగా ఉన్నాయి. మేము ఏటి నీళ్లు తాగేవాళ్లం, బురద నీళ్లు తేరబెట్టడం మాకు కొత్తా? చిల్లగింజను రాతి మీద అరగదీసి, ఆ గంధం సీసాకింత కలిపాను. సాయంత్రానికల్లా సీసాలన్నీ అద్దంలాగా తేటపడ్డాయి. వాడు రాగానే చేయి పట్టుకొని చూపించాను.

"నీళ్లు తేరినయి. ఇగ పిల్లను చూడ పోదామా?"

వాడు పలక ముందు నిలబడిపోయాడు. "ఏం కలిపినవే?"

"చిల్లగింజ."

"అమ్మా, ఆ మట్టిల ఇప్పుడు నీ గింజ కూడా కలిసిందే. తూకం పనికిరాదు. ఆ వరద పోయింది, మల్ల రాదు."

తల పట్టుకొని మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. లోపల నేస్తున్న వాళ్ల నాయిన మొదట నవ్వాడు. తర్వాత వాడు కూడా నవ్వాడు, కండ్లలో నీళ్లు వచ్చేదాకా. నేను చేసింది తప్పని అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నీళ్లు తేరితే వస్తానన్నవాడు వాడే కదా.

జరిగింది జరిగినట్టు వాడు పై ఇంజనీరుకు చెప్పాడు. ఆయన కోపం చేయలేదట. తర్వాత క్యాంపుకు వచ్చినప్పుడు జీపు మా ఇంటి ముందు ఆపించాడు. కోస్తా దిక్కు మనిషి, నెమ్మదస్తుడు.

"చిల్లగింజ వేసిన తల్లి మీరేనా?"

"నేనే. తేరినయా లేదా సారూ?"

"తేరాయమ్మా. మా ఆఫీసులో ఎవరూ అంత తేట నీళ్లు చూసి ఉండరు."

నాకు ధైర్యం వచ్చింది. "నూరేండ్లు అయినంక ఏమైతదో మీరే చెప్పుండ్రి సారూ. మావోడు అన్నం ముందు పెట్టుకొని అదే ఆలోచన చేస్తడు" అన్నాను.

"మా లెక్క నూరేళ్ల దగ్గర ఆగుతుందమ్మా. ఆ తర్వాతి వాళ్లు మాకంటే తెలివైనవాళ్లు అయి ఉంటారు. వాళ్ల దారి వాళ్లు చూసుకుంటారు."

మా ఇంటాయన అందుకున్నాడు. "మా చెరువుల మట్టి మేము ఎండకాలం బండ్లతోటి తోలి చేన్లకు వేసుకుంటం. గట్లనే చేస్తే కాదా?"

"ఈ మట్టికి జిల్లాలో బండ్లన్నీ కట్టినా చాలవు."

మా ఆయన సారును మగ్గం దగ్గరికి పిలిచాడు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవచ్చింది. చివర జానెడు పోగులు నేయకుండా విడిచిపెట్టి ఉన్నాయి. "ఇవి నేస్తే ఇంకింత బట్ట వస్తది. అయినా నేయం. వచ్చే పడుగును ఈ కొసలకే అతుకుతం, పోగు పోగుకు. కొసలు లేకుంటే మల్ల మొదటి నుంచి మొదలుపెట్టాలె. మీరు కూడా వచ్చేటోళ్లకు ఇంత కొస విడువుండ్రి సారూ. నూరేండ్లకు అంతా నేసి చేతులు దులుపుకుంటే ఎట్ల?"

ఇంజనీరు వంగి ఆ పోగులు ముట్టుకొని చూశాడు. "మీ వచ్చే పడుగు కూడా నూలే అని మీకు తెలుసు. వాళ్లకు ఏం కావాలో నాకు తెలియదు. నేను తలుపు పెట్టిన చోట వాళ్లకు గోడ కావాలేమో" అన్నాడు.

మా వాడు ఇంకో మాట అడిగాడు. "అడుగున పెద్ద తూములు పెడితే సారూ? వరద కాలంల మట్టిని ఎప్పటికప్పుడు కిందికి విడుస్తందుకు."

"ఆలోచిస్తున్నాం. దానికి మట్టి లెక్క నికరంగా తేలాలి. ముఖ్యంగా పెద్ద వరద నీళ్లు. మొన్నటిలా తప్పిపోకూడదు" అని నా దిక్కు చూసి నవ్వాడు ఇంజనీరు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

పోయిన వానకాలానికి ముందు వాడే నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నారాయణపేట దిక్కు ఒక పిల్ల ఉన్నదని మా ఆడబిడ్డ చెప్పి ఉండె. "సరే, ఆ పిల్లనే చూద్దామే. నీళ్లు తేరంగనే వస్త. ఈసారి ఒట్టు" అన్నాడు. నేను నమ్మలేదు. "నీ చుట్టాలు ఒప్పుకున్నరా?" అని అడిగాను. "వాళ్లకు కూడా తాతలు కావాలె గదనే" అన్నాడు. ఆ మాటతో నా ఏండ్ల కోపం కరిగిపోయింది. ఆ రోజు వాడు రొట్టెను గోడ దిక్కు చూడకుండా తిన్నాడు. సజ్జల గంపలో నుంచి నాలుగు పిడికిళ్లు మూట కట్టి ఇచ్చి పంపాను.

తర్వాతి సంగతి పుట్టి నడిపే ఆయన చెప్పిందే. పెద్ద వరద మొదలయ్యేనాటికే వాడికి ఒళ్లు కాలుతున్నదట. "ఇంటికి పో అల్లుడా" అంటే, "ఈ వరద పోతే మల్ల రాదు మామా, తూముల లెక్క దీని మీదనే ఉన్నది" అన్నాడట. దుప్పటి కప్పుకొని పుట్టిలో కూర్చున్నాడట. లేవలేని నాడు మక్తల్ దవాఖానకు తేవాలని చూస్తే అప్పటికి వాగు నిండింది. మక్తల్ నుంచి వచ్చిన జీపు వాగుకు ఇవతలే ఆగిపోయింది. ఆ జీపు మా ఊరి పొలిమేరలో నిలబడి ఉండటం నేను కండ్లారా చూశాను. ఎవరి కోసమో అనుకున్నాను. వాగు నీళ్లు తీసేసరికి అంతా అయిపోయింది.

మాకెందుకు కబురు చేయలేదురా అని అడుగుదామంటే వాడు లేడు. ముప్పై ఏండ్లు కూడా నిండని వాడికి నూరేండ్ల తర్వాతి ఆడమనిషి తిట్టు వినపడింది, తన ఒంటి జ్వరం తెలియలేదు. వాడు మంచివాడని అందరూ అంటున్నారు. నాకు తెలియదా? ఆ మంచితనం మీదనే నా కోపం.

చలికాలంలో ఇంజనీరు మళ్లీ వచ్చాడు. వాడి పరుపు చుట్ట, లాంతరు, ఒక సీసా తెచ్చాడు. నేను ఏడవలేదు, అడగాల్సింది అడిగాను.

"నూరేండ్ల తర్వాతిది చూస్తిరి. ఆ వాగు మీ కండ్లకు ఆనకపాయెనా సారూ?"

"ఆనిందమ్మా. కట్ట పని మొదలైనప్పుడు వంతెన కూడా కట్టాలనుకున్నాం."

"మావోడు అడిగిన తూములు?"

"ఇంకా తేలలేదు. కట్ట ఇక్కడ కడతారా, ఎగువన కడతారా అన్నది కూడా తేలలేదు."

ఆయన ఏదైనా అబద్ధం చెప్పి ఉంటే తిట్టి నా కోపం తీర్చుకునేదాన్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పి, తల వంచుకొని కూర్చున్నాడు. నేనిచ్చిన మంచినీళ్లు తాగాడు. పోయేటప్పుడు సీసా గురించి చెప్పాడు. అది వాడు చివరిరోజు నింపింది. చీటీ అంటించలేదు. ఏ జాగ నీళ్లో, ఏ పూటవో తెలియదు కాబట్టి లెక్కలోకి రాదట. "మీ దగ్గరే ఉంచుకోండమ్మా" అన్నాడు.

నారాయణపేట పిల్లకు వేరే సంబంధం కుదిరింది. మంచిదే. నూరేండ్ల తర్వాత ఆ కట్ట దగ్గర ఎవరు నిలబడతారో, వాళ్లలో మా వాళ్లు మాత్రం ఉండరు. వాళ్లెవరో నాకు తెలియదు, వాళ్లకు మా వాడు తెలియడు. ఒక్కొక్కసారి రాట్నం తిప్పుతూ వాళ్లను తిడతాను. తిట్టి, పొద్దున బిందె పట్టుకొని పోయేటప్పుడు, ఆ వచ్చే ఆమెకు నీళ్లు ఉండాలనే అనుకుంటాను. వాడు నాకు అంటించిపోయిన రోగం ఇది.

మా ఇంటాయన చాలా రోజులు మగ్గం ముట్టలేదు. జానెడు కొసలు అట్లాగే వేలాడుతుండేవి. అతకాలంటే ఇద్దరు కావాలి, ఒకరు పోగు అందిస్తే ఒకరు నులమాలి. ఎప్పుడూ వాడే అందించేవాడు. ఒక పొద్దున ఆయన కొత్త పడుగు ముందర వేసుకొని, ఏమీ అనకుండా నా దిక్కు చూశాడు. నేను పోయి వాడి జాగాలో కూర్చున్నాను. ఒక్కొక్క పోగూ అందించాను.

ఇప్పుడు మగ్గం ఆడుతున్నది. ఆ సీసా వాడు కొట్టిన పలక మీదనే ఉన్నది. పైన నీళ్లు తేట, అడుగున వేలెడు ఎర్రమట్టి. ఆయన మగ్గం దెబ్బ వేసినప్పుడల్లా మట్టి మీద నుంచి సన్నగా పొగలాగా లేస్తుంది. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే నీళ్లు కొద్దిగా కలకబారుతాయి. నేను కండెలు చుడుతూ అదే చూస్తుంటాను. పొద్దుగూకి మగ్గం ఆగాక ఆ పొగ మెల్లగా కిందికి దిగుతుంది. నీళ్లు తేరుతాయి. ఆ వేళకు నేను లేచి, దర్వాజ దిక్కు చూడకుండా, పొయ్యి దగ్గరికి పోతాను.