మా చేని మీద పడవ

చిన్నాయన పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ప్రొద్దుటూరులో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఫోన్ చేసింది ఆయన కొడుకు, నాకు తమ్ముడు. "పొద్దున లేసి కాఫీ తాగినాడక్కా. ఇంగొంచేపు పండుకుంటాలే అన్నాడు. అంతే," అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి, బోర్డు మీద సగంలో ఆగిన లెక్క పూర్తి చేశాను. జవాబు సరిగ్గానే వచ్చింది. జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాక టికెట్ తీసుకున్నాను, చిల్లర సరిచూసుకున్నాను. మనిషి పోయిన ఇంటికి వెళుతున్నానన్నది తెలుస్తూనే ఉంది, లోపలికి మాత్రం దిగడం లేదు.

ఆయన మా నాయనకు తమ్ముడు. మా ఊరు గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగిన ఊళ్లలో ఒకటి. ఇళ్లూ పోయాయి, శనగ చేలూ పోయాయి. చిన్నాయనకు వాటితోపాటు ఇంకొకటి పోయింది. మా ఇళ్లల్లో చనిపోయినవాళ్లను సొంత చేలోనే పూడుస్తారు. చిన్నమ్మను కూడా బావి పక్కన అలాగే పూడ్చారు. నీళ్లు రావడానికి చాలా ముందే ఆమె పోయింది. ఊరు ఖాళీ చేసేటప్పుడు జనమంతా తలుపులూ దూలాలూ పీకి ట్రాక్టర్లకు ఎత్తుకుంటుంటే, చిన్నాయన బావి దగ్గరున్న డీజిల్ ఇంజను ఒక్కటి విప్పుకొచ్చి పునరావాస కాలనీలో కొత్తింటి ముందు పెట్టుకున్నాడు. అక్కడ బావీ లేదు, చేనూ లేదు. అదెందుకో ఎవరికీ అర్థం కాలేదు.

ఏడాది తిరక్కుండానే అర్థమైంది. మైలవరం వైపు చేపలు పట్టేవాళ్లు వద్దనుకున్న ఫైబర్ పడవ ఒకటి పాత ఇనుము ధరకు కొని, ట్రాలీలో వేసుకొచ్చి దానికి ఆ ఇంజను బిగించాడు. వానలే సరిగా పడని సీమలో పడవ కొన్న మనిషని బంధువులంతా నవ్వారు. నవ్వినవాళ్లలో నేనే ముందున్నాను.

"ఏంది చిన్నాయనా, చేపలు పడ్తావా?" అన్నాను.

"చేపలు యాలమ్మే? మీ చిన్నమ్మ కాడికి పొయ్యొచ్చేదానికి," అన్నాడు, ఇంజను తుడుస్తూనే.

ఆ తర్వాత ఏటా పెద్దల అమావాస్యకు అందరం ఆ పడవ ఎక్కేవాళ్లం. చిన్నాయన పడవను తోలడం మీరు చూసి ఉండాల్సింది. ఆయన లెక్కలో అది పడవ కాదు, ఎద్దులబండి. మమ్మల్ని బండిలో కూర్చోబెట్టినట్టే బరువులు చూసి కూర్చోబెట్టేవాడు. అలలకు కాస్త ఊగితే "హో, హో" అని సముదాయించేవాడు. అడుగున ఊరే నీళ్లను చెంబుతో తోడే పని మా తమ్ముడిది. వాడు తోడుతూ సెల్ చూసుకుంటే, "మునిగేది నీ సెల్లు గాదు రా, మనం" అని కసిరేవాడు. నీళ్ల నడుమ ఒకచోట ఇంజను ఆపేసేవాడు. ఆకులో అన్నం, వడలు నీళ్లలో వదిలి, కొత్త చీర కొంగు తడిపి, ఆ చీరను కూతురి చేతికిచ్చేవాడు. "కట్టుకోమ్మే. మీ యమ్మ చూసినాది" అనేవాడు. మా చెల్లెలు ఆ తడి కొంగును ఒళ్లో పెట్టుకుని ఒడ్డు దాకా వచ్చేది.

ఆ పడవకు ఏడాదికోసారి ఏదో ఒక మరమ్మతు చేయించాల్సి వచ్చేది. బాడుగ పడవ మాట్లాడుకుంటే పోయేదానికి ఈ తిప్పలెందుకని ఒకసారి అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. "నీళ్లు ఎవురివైనా కానీ, కింద చేను మనది. మన చేన్లోకి మనం పోయేదానికి ఇంగొగర్ని అడిగేదేంది?" అన్నాడు. ఆ రోజంతా నాతో ముభావంగానే ఉన్నాడు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు మాత్రం ఒక సంచి నిండా చెనిక్కాయలు తెచ్చి ఒళ్లో పెట్టాడు.

ఆయన ఆరోగ్యం చెడ్డాక పడవ ఇంటి ముందే ఎండలో పడి ఉంది. దాంట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. ఆయన మంచం మీది నుంచి దాన్నే చూస్తూ పడుకునేవాడట.

చిన్నాయనను కాలనీ వెనకాల అందరికీ ఇచ్చిన శ్మశానంలో పూడ్చారు. మూడో రోజు పాలు పోయడానికి వెళ్లినప్పుడు మా చెల్లెలు సమాధి మీది ఎర్రమన్ను దోసెడు తీసి గుడ్డలో మూట కట్టింది. "నాయన్ని అమ్మ పక్కన పెట్టలేకపోతిమి. ఈ మన్నైనా ఆడ ఏస్తాం. మన పడవలోనే పోవాల," అంది.

మెకానిక్ వచ్చి చూశాడు. ఇంజను కష్టం మీద బాగవుతుందట, పడవ అడుగు మాత్రం మొత్తం కొత్తగా వేయాలట. కర్మ దినాల లోపల అయ్యే పని కాదు. పులివెందులలో ఎరువుల అంగడి పెట్టుకున్న తమ్ముడు, "ఒక్కసారికి బాడుగ పడవ చాల్లే. దీన్ని అమ్మేస్తాం," అన్నాడు. "నాయన మాట మర్చిపోయినావా?" అని చెల్లెలు లేచింది. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. పెద్దదాన్ని కదా. ముందు బాడుగ పడవలో వెళ్లొద్దాం, మన పడవ సంగతి వచ్చాక తేల్చుకుందాం అన్నాను. పడవ ఎక్కే ఒడ్డుకు చేరేదాకా చెల్లెలు మూట పట్టుకుని నాకు ఎడంగానే ఉంది.

పడవతను మమ్మల్ని నీళ్ల నడుమకు తీసుకెళ్లి, "యాడ నిలపాల్నా?" అని తమ్ముణ్ని అడిగాడు.

తమ్ముడు ఎదురుగా చెయ్యి చూపించాడు. చెల్లెలు ఇంకా కుడి పక్కకు అంది. నాకైతే వాళ్లిద్దరు చెప్పిన చోట్లూ దాటేసి వచ్చామనిపించింది. చుట్టూ కొండలు అన్నీ ఒకేలా ఉన్నాయి. చిన్నాయన ఏ కొండ గుర్తు పెట్టుకుని ఇంజను ఆపేవాడో మాలో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు. ఆయన ఆపిన చోటే మా చేను. పడవతను ఒక చుట్టు తిప్పాడు, ఇంకో చుట్టు తిప్పాడు. తమ్ముడు చెయ్యి దించేశాడు.

"మన పడవ అమ్మేయ్ లేబ్బీ," అంది చెల్లెలు. "బాగు చేపిచ్చినా దాంట్లో యాడికి పోతాం?"

తమ్ముడు తన గెలుపు తనకే అక్కర్లేనట్టు తల వంచుకుని కూర్చున్నాడు. పడవతను మళ్లీ మా మొహాలు చూశాడు.

"నిలపద్దు నాయనా," అన్నాను. "మెల్లగా పోనీ."

చెల్లెలు మూట విప్పి, అంచు మీద వంగి, మన్ను చిటికెడు చిటికెడుగా వదలడం మొదలుపెట్టింది. ఎక్కడో ఒకచోట మా చేను తగలకపోదు. పడిన ప్రతి చిటికెడూ పడవ వెనక కాస్త ఎర్రగా కనిపించి నీళ్ల రంగులో కలిసిపోతోంది. మన్ను అయిపోయాక కూడా ఆమె చెయ్యి తీయలేదు. వేళ్లు నీళ్లలో ఉంచి, కిందికి చూస్తూ, ఒడ్డు దాకా అలాగే కూర్చుంది.