దర్జీ మామగారి పూల కొలతలు

దేవుడు చేసినదైనా, మనిషి చేసినదైనా, టేపు పెట్టి కొలిచి "కాస్త ఆల్టరేషన్ చేస్తే బాగుండేది" అనకపోతే దర్జీ మామగారికి ముద్ద దిగదు. దుకాణం కొడుక్కి అప్పగించి చాలాకాలమైంది గానీ మెడలో టేపు మాత్రం ఎవరికీ అప్పగించలేదు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో కాఫీ ఇస్తే, కప్పు ఎత్తి నాలుగువైపులా చూసి, "కాఫీ బాగుందమ్మాయ్. కప్పు పిడి ఒక వేలు కిందికి ఉండాల్సింది" అన్నారు. ఆమె బిత్తరపోయి కప్పు మార్చబోతే మొగుడు ఆపాడు.

"వదిలెయ్. నేను పుట్టినప్పుడు మెడ పొట్టి అన్నారట. ఇప్పటిదాకా నన్నెవరూ మార్చలేదు."

ఈ పిచ్చి ముదిరి పాకాన పడింది పూల దగ్గర. డాబా మీద పచ్చవల పందిరి కింద ఆయన పెంచేవన్నీ స్లిప్పర్ ఆర్కిడ్లే. ఆ పువ్వుకి కింద చెప్పు ముందుభాగంలాంటి సంచి, అటూ ఇటూ రెండు రేకలు, పైన నిటారుగా ఒక వెడల్పు రేక ఉంటాయి. ఇది లోకం చెప్పే మాట. మామగారి భాషలో సంచి జేబు, పక్క రేకలు చేతులు, పై రేక కాలరు. చేతులు జారకూడదు, కాలరు వెనక్కి పడకూడదు, మొత్తం పువ్వు సాసరంత వెడల్పై గుండ్రంగా ఉండాలి. అలాంటి పువ్వు కోసం ఒక పువ్వు పుప్పొడిని టూత్‌పిక్‌తో తీసి ఇంకో పువ్వుకి అంటించేవారు. కాయకి కాపలా కాసి, గింజలు మొలిపించి, ఆ మొక్క పూసేదాకా ఆరేడేళ్లు ఓపిక పట్టేవారు. తీరా పూశాక టేపు తీసి, "జేబు కుదిరింది, కాలరు చెడింది" అని పెదవి విరిచి, కుండీని వీధిలో ఎవరికో ఒకరికి ఇచ్చేసేవారు. ఆ వీధిలో ఏ కిటికీలో చూసినా కాలరు చెడిన పువ్వు ఒకటి కనబడేది.

ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఎదురింటి నర్సమ్మగారి కిటికీలో ఉన్నది మాత్రం ఆయన ఇచ్చింది కాదు. రైల్లో గార్డుగా తిరిగిన ఆవిడ భర్త ఎప్పుడో ఏ కొండ ఊరి స్టేషన్లోనో కొని తెచ్చిన మొక్క అది. ఆయన పోయారు, మొక్క మిగిలింది. పువ్వు సన్నగా, మెలికలు తిరిగి ఉండేది. అది పూసిందని తెలిస్తే చాలు, మామగారు టేపు సవరించుకుని రోడ్డు దాటేవారు.

"నర్సమ్మగారూ, మళ్లీ అదే వరస. చేతులు చూడండి, తాడు మీద ఆరేసినట్టు ఎలా వేలాడుతున్నాయో."

"మావారి చేతులూ అంతే. మీకొచ్చిన నష్టమేంటి?"

"వీధి పరువు పోతోందండీ. ఇటివ్వండి."

కుండీని చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చేసి, కొన్నాళ్లకి తిరిగిచ్చేవారు. ఒంటరి మనిషిని ఇలా ఏడిపించడమేమిటని కోడలికి ఒళ్లు మండేది.

చివరికి ఈ ఏడు ఆయన తపస్సు ఫలించింది. ఒక మొక్క పువ్వు విప్పింది. మామగారు టేపు పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. నోటంట ఒక్క మాట రాలేదు. కోడలు భయపడి మొగుణ్ణి కేకేసింది.

"ఏమైంది?"

"పువ్వు చూసి మీ నాన్నగారు ఏమీ అనట్లేదు."

కొడుకు సగం కుట్టిన చొక్కా చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురూ ఆ పువ్వు ముందు నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. ఆదివారం పూల సంఘం వాళ్ల పోటీ. ఏటా మొదటి బహుమతి పళ్ల డాక్టరు ఎగరేసుకుపోతాడు. ఈసారి ఆయన పళ్లు నూరుకోవాల్సిందేనని కోడలు మురిసిపోయింది. కుండీలకి నీళ్లు మోసీ మోసీ ఆమెకీ ఆ పువ్వు సొంత బిడ్డయింది. దూది పరిచి, కుదుపుకి కదలకుండా అట్టపెట్టె కూడా తయారుచేసుకుంది.

సరిగ్గా ఆ వారంలోనే మామగారు నర్సమ్మగారి కుండీ మళ్లీ పట్టుకొచ్చారు. ఈసారి వీధి పరువు గురించి ఏమీ మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున్నే పందిరిలోకి వెళ్లిన కోడలు కెవ్వుమంది. పువ్వుకి కాలరు ఉంది, చేతులు ఉన్నాయి, జేబు లేదు. ఎవరో కత్తిరించేశారు.

"ఇది పళ్ల డాక్టరు పనే! ఇప్పుడే వెళ్లి అడిగేస్తాను."

"ఆయన పళ్లు తప్ప ఏం పీకుతాడమ్మాయ్" అన్నారు మామగారు వెనకనుంచి. "నేనే కత్తిరించాను. జేబు అడ్డం వస్తుంటే పుల్ల లోపలికి అందలేదు."

"ఏం పుల్ల?"

ఆయన నర్సమ్మగారి కుండీ చూపించారు. మొక్క మొదలు కుళ్లి మెత్తబడిపోయింది. పువ్వు మాత్రం ఇంకా కాడ మీద నిలబడి ఉంది.

"ఇది దక్కదు. టేపు పెట్టినప్పుడల్లా పువ్వు కిందటేటికన్నా చిన్నదే వస్తోంది. అంటే మొక్క నీరసిస్తోందన్నమాట. తెచ్చినప్పుడల్లా వేళ్లు కడిగి, మట్టి బదులు కొత్త బెరడు ముక్కలు వేసి పంపుతూనే ఉన్నాను. ఈసారి నావల్ల కాలేదు. అందుకే దీని పుప్పొడి మన పువ్వుకి పెట్టాను."

ఇన్నేళ్లూ కుండీ ఎందుకు మోసుకొచ్చేవారో కోడలికి అప్పుడర్థమైంది. అయినా కడుపుమంట చల్లారలేదు.

"ఆ పుప్పొడి ఫ్రిజ్‌లో దాచి, పోటీ అయ్యాక పెట్టొచ్చు కదా మామయ్యా?"

"దాచింది పాడైతే? మళ్లీ తీసుకోవడానికి ఇంకో పువ్వు లేదు. మన మొక్క బతికే ఉంది కదా, మళ్లీ పూస్తుంది."

"మళ్లీ ఇంత బాగా పూస్తుందా?"

"అది చెప్పలేం" అన్నారాయన. మెడలో టేపు తీసి, చుట్టి జేబులో పెట్టుకున్నారు. కోడలికి ఇక కోపం నిలవలేదు. ఈ మనిషి మీద ఇంత ప్రేమ ఉందని ఆమెకే తెలియదు.

సాయంత్రం నర్సమ్మగారిని డాబా మీదికి పిలిచారు. మామగారు వాతావరణంతో మొదలుపెట్టి, బెరడు మీదుగా, వేళ్ల దాకా వచ్చేసరికి ఆవిడ చెయ్యి అడ్డంపెట్టింది.

"ఇలాంటి కబుర్లు ఆస్పత్రిలో నేనెంతమందికి చెప్పానో. పోయిందని చెప్పండి చాలు."

"మొక్క పోయిందండీ. కానీ దాని పుప్పొడి ఇక్కడుంది" అని ఆయన జేబులేని పువ్వు చూపించారు. "కాయ కడితే గింజలు, గింజ మొలిస్తే మొక్క."

ఆవిడ వంగి ఆ పువ్వుని దగ్గరగా చూసింది. అది ఆదివారం ఎక్కడికి వెళ్లాల్సిన పువ్వో వీధిలో తెలియనివాళ్లు లేరు. కళ్లద్దాలు తుడుచుకుని, "పూసేదెప్పుడు?" అంది.

"ఆరేడేళ్లు పట్టొచ్చు."

"నా వయసు తెలిసే అంటున్నారా?"

"తెలుసు. అందుకే రోజూ మీరే వచ్చి నీళ్లు పొయ్యాలి. నేను పోస్తే కుదరట్లేదు."

నీళ్లు మోయించుకోవడమే తప్ప తన కుండీని కన్నకొడుకుని కూడా తాకనివ్వని మనిషి ఆ మాట అనేసరికి కోడలు మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకుంది.

ఆదివారం బహుమతి పళ్ల డాక్టరే పట్టుకుపోయాడు. ఆ వేళకి డాబా మీద నర్సమ్మగారు నడుం మీద చెయ్యి వేసుకుని గట్టిగా కేకలేస్తోంది.

"పొద్దున నేను పోశాక మళ్లీ ఎవరు పోశారు నీళ్లు? పేషెంటుని ముంచేస్తారా?"

"తప్పయిందండీ" అని మామగారు నీళ్లడబ్బా ఆవిడ చేతికిచ్చి, పక్కన కుర్చీ వేశారు.