మీది బంద చూడ్డానికి వెళ్లిన రోజు

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే "శాంపిల్ పట్రండి, పరీక్ష చేసి చెబుతాను" అని నవ్వేసేదాన్ని. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేయడం నా ఉద్యోగం. అంతకుముందు పనిచేసిన ఆసుపత్రిలో మా గది పక్కనే శవాల గది. ఒంటరిగా ఎన్ని డ్యూటీలు చేశానో. ఏ రోజూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఇప్పుడు కూడా ఎవరినీ నమ్మించాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. అందుకే పెళ్లయి ఇరవయ్యేళ్లు దాటినా బావా అనే పిలుస్తాను. బైకు స్పేరు పార్టుల కొట్టు నడుపుతాడు. మాటలు మహా పొదుపు. నా వంట బాగుందని ఒక్కసారైనా అన్న పాపాన పోలేదు. బాగుంటే ఇంకొంచెం వడ్డించుకుంటాడు, అదే మెచ్చుకోలు.

కిందటేడు బావ గుండెకు స్టెంటు వేశారు. అప్పటినుంచి మనిషి మరీ ముడుచుకుపోయాడు. కొట్టు, ఇల్లు, అంతే. మెట్లెక్కాలంటే భయం. నిద్రలో కూడా చెయ్యి గుండె మీదే ఉండేది. డాక్టరేమో నడవమన్నాడు, తేలికైన గుట్టలు ఎక్కినా ఫర్వాలేదన్నాడు. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఆ భయం వదిలించాలని ఈ ప్లాను వేసింది నేనే.

పాతపట్నం దాటాక ఒడిశా వైపు కొండల్లో రెండు బందలున్నాయి. బంద అంటే మా వైపు చిన్న చెరువు. మా ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయిది ఆ పక్క ఊరే. పశువులు నడిచే దారి, చిన్నపిల్లలు కూడా ఎక్కేస్తారని చెప్పింది. కింది బంద దాకా ఏటవాలు నడక, అక్కణ్ణుంచి మీది బంద ఇంకొంచెం పైకి. పొద్దున్నే ఎక్కి, అక్కడే తిని, సాయంత్రం కాకుండా దిగిపోవచ్చు.

నేను ప్లాను వేస్తే పెళ్లిపనుల కంటే హడావుడి. వీడియోలు చూశాను. ఆటో మాట్లాడాను. పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గొడుగు, నొప్పొస్తే నాలిక కింద పెట్టుకునే గుండె మాత్రల కొత్త షీటు. అన్నీ నా బ్యాగులోనే. బావ చేతికి ఏది ఇచ్చినా ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు.

"కొండెక్కతన్నామా, కొత్త కాపరానికెల్తన్నామా?" అని గొణిగాడు. బావ అంత మాట అన్నాడంటే హుషారుగా ఉన్నట్టే లెక్క.

కార్తీకమాసం. ముందురోజు వాన కురిసి వెలిసింది. నిజంగానే తేలిక దారి. మధ్యమధ్యలో ఆగుతూ కింది బంద చేరాం. నీళ్లనిండా కలువలు. ఒడ్డున వెడల్పాటి రాయి మీద కూర్చుని తిన్నాం. పులిహోర రెండోసారి పెట్టించుకున్నాడు. చెమట లేదు, ఆయాసం లేదు. చెయ్యి పట్టుకుని నాడి కూడా చూశాను. బాగానే ఉంది.

మీది బంద దాకా మాత్రం రానన్నాడు. "నువ్వెల్లి సూసిరా. నానిక్కడే కూకుంటాను" అని తుండుగుడ్డ పరుచుకున్నాడు. అంత దూరం వచ్చి చూడకుండా ఎలా అని నేనొక్కదాన్నే బయల్దేరాను. ఫోను, నీళ్లు బ్యాగులో ఉన్నాయి కదా అని బ్యాగు తగిలించుకున్నాను. మాత్రల సంగతి నాకు తట్టనే లేదు.

మీది బంద చిన్నదే. కొండ నీడ పడి నీళ్లు నల్లగా ఉన్నాయి. ఫోటో తీసుకుని వెనక్కి తిరిగేసరికి మబ్బు కిందికి దిగిపోయింది. చాపిన చెయ్యి కనబడడం లేదు. దారి తిన్నగానే ఉంది కదా అని నడిచాను. పశువులు తొక్కిన దారులు ఎక్కడికక్కడ చీలిపోతున్నాయి. కాసేపటికి పొదల మధ్యకు వచ్చిపడ్డాను. ఫోనులో సిగ్నల్ లేదు.

బ్యాగులో నీళ్ల సీసా కోసం వెతుకుతుంటే మాత్రల షీటు చేతికి తగిలింది.

ఆయనకు ఏమైనా అయితే మందు నా దగ్గర, మనిషి అక్కడ. "బావా, బావా" అని గొంతు పోయేదాకా అరిచాను. నా గొంతు ఆ మబ్బులో నాకే సరిగా వినబడలేదు. పరుగెత్తి పడ్డాను, లేచి మళ్లీ పరుగెత్తాను. చెప్పు తెగిపోయింది. ముళ్లకు చున్నీ చిరిగింది. ఎటు వెళ్లినా పైకే ఎక్కుతున్నట్టు ఉంది. చిన్నపిల్లలా ఏడ్చాను. ఎప్పుడూ గుడి గడప తొక్కనిదాన్ని, పైడితల్లి అమ్మవారికి మొక్కాను. ఎవరో ఒకరు ఆయన పక్కన ఉండండి, ఎవరైనా సరే, అని గట్టిగా అడిగాను. ఎవరిని అడిగానో నాకే తెలియదు.

ఎంతసేపు అలా తిరిగానో చెప్పలేను. మబ్బు పలచబడుతుంటే విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపుతో ఒకామె ఎదురైంది. రెండు చేతులూ పట్టుకుని కింది బందకు దారి అడిగాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఇటెప్పుడొచ్చినావమ్మా? ఇప్పుడే గదా నిన్ను కింది బంద కాడ సూసినాను. మీ ఆయన తల ఒళ్లో ఎట్టుకుని కూకున్నావు."

ఇంకెవరినో చూశావు తల్లీ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇదే పచ్చ డ్రస్సు, ఇదే మొహం అంది. వాదించే ఓపిక నాకు లేదు. ఆమె మోపు అక్కడే పడేసి నాతో వచ్చింది. ఆమె ముందు, నేను వెనక.

కింది బంద దగ్గర బావ రాతి మీద పడుకుని ఉన్నాడు. ఒక్కడే. తుండుగుడ్డ మడిచి తల కింద పెట్టి ఉంది. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఆ నాలుగడుగులు ఎలా వేశానో నాకు గుర్తు లేదు. నేను వంగగానే కళ్లు తెరిచాడు.

"తల పగిలిపోతంది. ఆ మాత్రేస్తే ఇంతే గదా" అన్నాడు.

ఏ మాత్ర అని అడిగాను.

"నువ్వేసిందేనే. నాలిక్కింద ఎట్టినావు గదా. సాయం పిలుసుకొస్తానని ఇప్పుడే గదా లేసెల్లావు."

బ్యాగు తెరిచాను. కొన్న షీటు కొన్నట్టే ఉంది. ఒక్క మాత్ర కూడా ఊడలేదు. ముందు ఒకటి తీసి వేయబోయాను. నొప్పి పోయిందని ఆయనే వారించాడు. ఆ అడ్డాకులామె ఊళ్లోకి పరుగెత్తి మనుషుల్ని తెచ్చింది. మంచం మీద మోసుకుని కొండ దించారు.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. గుండె దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ రిపోర్టు నేనే చదివాను. గుండెపోటు వచ్చింది, అందులో అనుమానం లేదు. సమయానికి మాత్ర వేసి మంచిపని చేశావమ్మా అని డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు.

నొప్పిలో ఏదో భ్రమ పడి ఉంటాడని మీరనొచ్చు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ తలనొప్పి ఆ మాత్రతో వచ్చేదే. స్టెంటుకు ముందు ఆసుపత్రిలో వేసినప్పుడల్లా సరిగ్గా అలాగే వచ్చేది. సరే, అదీ కాకతాళీయమే అనుకుందాం. అడ్డాకులామెకు నొప్పి లేదు, భ్రమ లేదు. బావ కోలుకున్నాక వెతుక్కుంటూ వెళ్లి, చీర పెట్టి, మళ్లీ అడిగాను. అదే చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది.

"మీ ఆయన ఏటేటో సెప్తన్నాడు. నువ్వు ఇనుకుంటా ఏడస్తన్నావు. మొగుడూ పెళ్లాల సంగతని నాను ఆగనేదు."

ఇంటికొచ్చి బావను అడిగాను, ఆ రోజు ఏం చెప్పావని. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లలో బావ సిగ్గుపడగా నేను చూడలేదు.

"ఇంక బతకననుకున్నాను. అందుకే లోపలున్నదంతా సెప్పీసాను. మళ్లీ సెప్పమంటే నా వల్ల కాదు."

అది నేను కాదు బావా అన్నాను. ఒట్టు పెట్టాను. షీటు చూపించాను. ఏడ్చాను. ఆయన నమ్మలేదు. మళ్లీ చెప్పించుకోవడానికి నాటకాలాడుతున్నానని అనుకున్నాడు. "ఇన్నావు గదే, సాలదా?" అన్నాడు.

బావ ఇప్పుడు బాగున్నాడు. రోజూ నడుస్తున్నాడు. ఆ రాతి మీద కూర్చున్నది ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరైతేనేం, మనిషిని నాకు మిగిల్చింది, జీవితాంతం దణ్ణం పెడతాను. కానీ కొన్ని రాత్రులు అన్నం తింటూ తింటూ బావ తలెత్తి నావైపు చూసి చిన్నగా నవ్వుతాడు, మా ఇద్దరికీ తెలిసిన సంగతేదో గుర్తొచ్చినట్టు. నేనూ నవ్వుతాను. ఆ సంగతేమిటో నాకు తెలియదు.