తెల్ల పేజీ మీద తెల్ల నంబరు

మా ఓనరును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నంద్యాలలో వెబ్‌సైట్లు చేసే చిన్న షాపు ఆయనది. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి రెండేళ్ళు అక్కడ పనిచేశాను.

పేజీలో ఏది ఏ రంగులో ఉండాలో స్టైల్ షీట్ అనే ఫైలులో రాస్తాం. రెండు రూల్స్ కొట్టుకుంటే ఏది నెగ్గాలో దానికొక పద్ధతుంది. అన్నిటికీ కలిపి చెప్పినదానికంటే ఒక్కదానికి పేరు పెట్టి చెప్పింది బలం. రెండూ సమానమైతే కింద రాసింది గెలుస్తుంది. ఇదంతా నేర్చుకునే ఓపిక మా ఓనరుకు ఎక్కడిది! తన రూలు పనిచేయకపోతే చాలు, పక్కన 'ఇంపార్టెంట్' అని తగిలించేవాడు. అది ఉంటే మిగతావన్నీ నోరు మూసుకోవాల్సిందే.

మా వీధిలో రాతి విగ్రహాలు చెక్కే ఆయనకు నేనే చెప్పి ఆ షాపులో సైటు చేయించాను. నా మాట నమ్మి ఒప్పుకున్నాడు. ఆరు నెలలకు మండిపడుతూ షాపుకొచ్చాడు.

"రుద్రవరమోళ్ళు పేజీలో నంబరు యాడా కనపడక విగ్రహం పని ఇంకొకరికి ఇచ్చినారంట. ఏందప్పా ఇది?"

"వాళ్ళ ఫోన్ పాతదై ఉంటాది లే," అన్నాడు ఓనరు.

సిగ్గులేని మనిషి! నేను పేజీ తెరిచాను. తెల్లటి పేజీ మీద నంబరు కూడా తెల్లగా ఉంది. నొక్కితే ఫోన్ కలిసే లింకు అది. నా ఫైలులో ఆ నంబరుకే పేరు పెట్టి నలుపు అని రాశాను. మారలేదు. ఓనరు ఫైలు తెరిస్తే దొరికింది: లింకులన్నీ తెలుపు, పక్కన ఇంపార్టెంట్. పైన నల్ల పట్టీలో మెనూ కనపడాలని సైటు పెట్టిన రోజే రాసి, అంతటితో వదిలేశాడు. తీసేయబోతే మీదికొచ్చాడు.

"నా ఫైలు ముట్టుకోవద్దు. నువ్వూ ఒక ఇంపార్టెంట్ పెట్టుకో, పో."

పళ్ళు కొరుక్కుంటూ పెట్టాను. రెండింటికీ ఇంపార్టెంట్ ఉంటే మళ్ళీ పేరు పెట్టి చెప్పిందే బలం. నంబరు నల్లగా బయటపడింది.

"చూడప్పా, వచ్చె కదా. రెండు దినాల నుంచే ఏందో అయ్యుంటాది," అన్నాడు ఓనరు.

నేను విగ్రహాలాయన వైపు తిరిగాను. "అబద్ధం చిన్నాయనా. మొదటి దినం నుంచీ కనపడలే."

"రేపట్నుంచి పనికి రావద్దు!" అని ఓనరు అరిచాడు. నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే, కడుపు చల్లబడింది.

విగ్రహాలాయన మాత్రం ఓనరును పట్టించుకోలేదు. నన్నే చూశాడు.

"ఆర్నెల్లు నువ్వీడ్నే కూచోనుంటివి కదమ్మా. ఒక్కతూరన్నా నా పేజీ తెరిచి చూడలేదా?"