పూజ పళ్లెంలో ఉండిపోయిన ప్లగ్గులు

2005 సెప్టెంబరులో నన్ను వనపర్తి వర్క్‌షాప్ నుంచి గద్వాలకు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను ఫోర్‌మన్‌ని, అంటే మెకానిక్కుల పని తనిఖీ చేసి, బండి బయటికి పోవచ్చని సంతకం పెట్టేవాణ్ణి. ఇరవై రెండేళ్ల సర్వీసులో జీపులు, లారీలు, రోడ్డు రోలర్లు బాగుచేశాను గానీ, కృష్ణ ఒడ్డున నాకు అప్పగించింది ఒక వాటర్ స్కూటర్. ఎవరో వాడుకుని పక్కన పెట్టిన పాతది. మోటారు సైకిల్ మీద కూర్చున్నట్టే కూర్చుని నడపాలి. అడుగున ఉన్న పంపు నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంటే అది ముందుకు పోతుంది. వరదల్లో నది మధ్య గడ్డల మీద చిక్కుకున్న వాళ్లను తేవడానికని తెప్పించారు.

నడిపేవాడు తిప్పన్న. చేపలు పట్టే కుటుంబం. నదిలో ఎక్కడ సుడి ఉందో, ఎక్కడ బండ ఉందో అతనికి తెలుసు. అతనిది తక్కువ మాట. నాది పెద్ద నోరు. పని మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే, “ఫోర్‌మన్ నువ్వా, నేనా?” అనేవాణ్ణి.

దసరా ముందురోజు ఆయుధపూజ. పొద్దున్నే బండి కడిగించాను. లోపల చేరిన నీళ్లు పోవడానికి దాని వెనక, అడుగున రెండు డ్రెయిన్ ప్లగ్గులుంటాయి, సీసా బిరడాల్లాంటివి. వాటిని నేనే విప్పి, పానాలతో పాటు పూజ పళ్లెంలో పెట్టాను. పసుపు, కుంకుమ, బంతిపూలు అన్నీ సక్రమంగా జరిగాయి. గుమ్మడికాయ కొట్టాక పది గంటలకు ట్రయల్ వేయమన్నాను.

ఒడ్డుకు కాస్త దూరంలో నాలుగు చుట్లు తిరిగి ఆగిందో లేదో, వెనక భాగం బరువెక్కి, ముక్కు పైకి లేచి, బండి మునిగిపోయింది. తిప్పన్న ఈదుకుంటూ వచ్చాడు. పండగపూట తాగి నడిపాడని చూసినవాళ్లు అన్నారు. ట్రయల్ చూడటానికి వచ్చిన మండల అధికారి అతన్ని నలుగురిలో నానా మాటలన్నారు. కారణం నాకు అప్పటికే తెలిసిపోయింది. డ్రెయిన్ ప్లగ్గులు ఇంకా పళ్లెంలోనే ఉన్నాయి, ఆ రంధ్రాల్లోంచే నీళ్లు చేరాయి. అయినా ఆ మాట బయటపెట్టలేదు. ఆ పిరికితనం తలచుకుంటే నామీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

తిప్పన్నే మునిగి తాడు కట్టాడు. ట్రాక్టరుతో ఒడ్డుకు లాగేసరికి పదకొండు దాటింది. అంతలో ఫోను వచ్చింది. ఎగువన గేట్లు ఎత్తారు, సాయంత్రానికి ఎదురుగా నది మధ్యనున్న గడ్డ మునుగుతుంది. గడ్డ మీద గొర్రెలు మేపుకునే కుటుంబం ఒకటి ఉంది. ఇంజిన్ పడవ ఇంకోచోట ఉంది, మర్నాటికి గానీ రాదు. బుట్టలాంటి మా పుట్టి ఒంటరిగా ఆ వడికి నిలవదు. తిప్పన్న నా దగ్గరికి వచ్చాడు.

“గడ్డ మీదున్నది మా అక్కోళ్లే సార్. అక్క, బావ, ఇద్దరు పిల్లలు. బండి నడుస్తదా, నడ్వదా? గదొక్కటి జెప్పుండ్రి.”

నడుస్తుందన్నాను. నాకే నమ్మకం లేదు.

మునిగిన ఇంజిన్‌కు ముందుగా స్టార్టర్ నొక్కకూడదు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్‌కు పోవడానికి చోటుండదు, లోపలి రాడ్డు వంగిపోతుంది. ఆలస్యం చేసినా తుప్పు పడుతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, వాటి వైర్లను ఇంజిన్ బాడీకి ఆనించి స్టార్టర్ తిప్పితే నీళ్లు జల్లున ఎగిరాయి. ఆవిరి తప్ప ఏమీ రానంతవరకు తిప్పాను. ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేశాను. సిలిండర్లలో ఆయిల్ పోసి, కొత్త స్పార్క్ ప్లగ్గులు బిగించి, ఆయిల్ కలిపిన తాజా పెట్రోలు పోశాను. మొదటిసారి పలకలేదు. రెండోసారీ లేదు. నీటి మట్టం చూడటానికి ఒడ్డున పాతిన కర్రకు నీళ్లు అందాయి. తొందరలో పానా రెండుసార్లు జారింది. కార్బురేటర్ మళ్లీ విప్పితే గిన్నెలో నీటి చుక్కలు కనిపించాయి. తుడిచి బిగించాక, మూడోసారి తెల్లటి పొగ కక్కి అందుకుంది. వెంటనే ఆపేశాను. దాన్ని చల్లబరిచేది నది నీళ్లే కాబట్టి ఒడ్డు మీద ఎక్కువసేపు నడపకూడదు.

ఇక డ్రెయిన్ ప్లగ్గులు మిగిలాయి. కుంకుమ అంటిన వాటిని పళ్లెంలోంచి తీస్తుంటే తిప్పన్న పక్కనే ఉన్నాడు. తప్పు నాదేనని చెప్పాను.

“తెల్సు సార్. పొద్దుగాలనే జూసిన,” అన్నాడు.

మరి చెప్పలేదేమని అడిగాను.

“పూజల పెట్టినయి ముట్టొద్దంటరు గద. ఇంకో జత బిగించిన్రేమో అనుకున్న. అడుగుదామంటే మీరు ఒర్లుతరు. ఇప్పుడైతే జల్ది బిగియ్యుండ్రి.”

తిట్లు తింటున్నప్పుడు కూడా అతను ఆ మాట బయటపెట్టలేదు. మండల అధికారి అక్కడే ఉన్నారు. వెళ్లి చెప్పాను. ఆయన నావైపు చూసి, ముందు పని కానివ్వమన్నారు.

నాలుగు గంటలకు తిప్పన్న బయలుదేరాడు. మొదట పిల్లలిద్దరినీ తెచ్చాడు, తర్వాత అక్కను. మూడో విడతకు పోతుంటే ఇంజిన్ శబ్దం తెగుతూ వినిపించింది. నేను మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నానని ఎవరో వెనక్కి లాగేదాకా తెలియలేదు. గొర్రెల్ని వదిలి రానని బావ మొండికేస్తే, బలవంతంగా ఎక్కించుకుని తెచ్చాడు. గొర్రెలు పోయాయి. ఉదయం బండి మునగకపోతే, పుట్టికి తాడు కట్టి లాక్కుంటూ వాటినీ కొన్ని విడతల్లో తెచ్చేవాళ్లం. ఒడ్డున కూర్చుని ఆ మనిషి గొర్రెల్ని ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలుస్తుంటే, నేను అక్కణ్ణుంచి కదలలేకపోయాను.

నివేదికలో నా పొరపాటని రాసి సంతకం పెట్టాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను. తర్వాత నాగర్‌కర్నూల్‌లో రిటైరయ్యేదాకా, ఏ బండి బయటికి పోతున్నా, నడిపేవాణ్ణి అనుమానం ఏమైనా ఉందా అని అడిగి, అతను చెప్పేదాకా ఆగేవాణ్ణి. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు, నమ్మకం కుదరడానికి ఏడాది పట్టింది. అంతకుముందు ఇరవై రెండేళ్లూ నన్నెవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. అది గౌరవమనుకున్నాను.